నెట్ ఉంది... పేరే పలకడం లేదు!

పిల్లల్ని బడికి పంపి, వంటింటి పని ముగించుకుని పదింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చుంటారు. వీపీఎన్ కలుస్తుంది. పావుగంట గడిచిందో లేదో, ఏ పేజీ తెరుచుకోదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే 'మాకిక్కడ అంతా బాగానే ఉందే' అంటారు. నెట్ కనెక్షన్ ఇచ్చినతను వచ్చి 'మా లైను భేషుగ్గా ఉందమ్మా' అని వెళ్లిపోతాడు. మధ్యలో మాట పడేది ఇంటి నుంచి పనిచేసే ఇల్లాలే. 'ఇంట్లో కూర్చుంటే పనేం సాగుతుందిలే' అని ఎవరూ అనకుండా ఉండాలంటే లోపం ఎక్కడుందో మీరే తేల్చి చెప్పగలగాలి. అందుకు ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఐదు నిమిషాల పరీక్ష చాలు.

చిక్కు ఎక్కడ వస్తుంది?

వీపీఎన్ అంటే మీ కంప్యూటర్‌కీ ఆఫీసుకీ మధ్య ఇంటర్నెట్ మీదే వేసిన రహస్య సొరంగం లాంటిది. అందులో వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరు.

రెండోది డీఎన్ఎస్. మనం సైట్లను పేర్లతో పిలుస్తాం. కంప్యూటర్లకు తెలిసినవి మాత్రం అంకెలే. పేరు చెబితే అంకె చెప్పే చిరునామా పుస్తకమే డీఎన్ఎస్. దీన్ని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. అంతకుముందు నెట్‌వర్క్‌లోని పేర్ల జాబితాను కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే మహిళ నడిపిన విభాగమే చూసుకునేది. డాట్ కామ్ వంటి పేర్లు రూపుదిద్దుకోవడంలోనూ ఆమె బృందానిది ముఖ్యపాత్ర.

సాధారణంగా ఆఫీసు వీపీఎన్ కలవగానే మీ కంప్యూటర్ ఇంటి పుస్తకాన్ని పక్కనపెట్టి ఆఫీసు పుస్తకాన్ని అడగడం మొదలుపెడుతుంది. ఆఫీసు లోపలి సైట్ల పేర్లు బయటి పుస్తకాల్లో ఉండవు మరి! సొరంగం హఠాత్తుగా తెగితే ఒక్కోసారి కంప్యూటర్ పాత అలవాటు మానదు. దారి లేని చోటుకే వెళ్లి పేర్లు అడుగుతూ ఉంటుంది. నెట్ ఉన్నా మనకు పోయినట్టే కనిపిస్తుంది.

ముందు ఈ పరీక్ష చేయండి

పేజీలు ఆగిపోయినప్పుడు దేన్నీ కదిలించకుండా స్టార్ట్ దగ్గర 'సీఎండీ' అని టైపు చేయండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'పింగ్ 8.8.8.8' అని కొట్టండి. అది గూగుల్ నడిపే సర్వర్ అంకె. తర్వాత 'పింగ్ గూగుల్ డాట్ కామ్' అని కొట్టండి. మాటలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి సుమా.

* అంకె పలికి, పేరు పలకకపోతే: నెట్ బాగానే ఉంది. లోపం డీఎన్ఎస్‌ది.

* రెండూ పలక్కపోతే: వీపీఎన్ ఆపి మళ్లీ చూడండి. ఇప్పుడు పలికితే లోపం వీపీఎన్ వైపు. అప్పుడూ పలక్కపోతే మీ రౌటర్‌దో, లైనుదో.

* రెండూ పలికినా ఆఫీసు సైట్లు మాత్రమే రాకపోతే: అది వీపీఎన్‌లోనో, ఆఫీసులోనో చూడాల్సిన సంగతి.

పేరు పలకకపోతే...

వీపీఎన్‌ను దాని బటన్‌తోనే ఆపి, మళ్లీ కలపండి. కుదరకపోతే అదే నల్లటి కిటికీలో 'ఐపీకాన్ఫిగ్' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, ఆనుకునే 'ఫ్లష్‌డీఎన్ఎస్' అని కొట్టండి. కంప్యూటర్ దాచుకున్న పాత చిరునామాలు చెరిగిపోతాయి. అప్పటికీ లొంగకపోతే కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

'డీఎన్ఎస్ సెట్టింగ్‌లో 8.8.8.8 పెట్టేయ్' అని కొందరు సలహా ఇస్తారు. సొంత కంప్యూటర్‌కైతే ఫరవాలేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు. ఆఫీసు లోపలి పేర్లు ఆ పుస్తకానికి తెలియవు. ఉన్న పని కూడా ఆగిపోతుంది.

కొన్ని వీపీఎన్‌లలో 'కిల్ స్విచ్' ఉంటుంది. సొరంగం తెగగానే నెట్ మొత్తం ఆపేయడమే దాని పని. అది రక్షణే తప్ప లోపం కాదు.

మాటిమాటికీ తెగిపోతుంటే...

కాసేపు పని ఆపి లేచి వెళ్లినప్పుడే తెగుతోందా? లాప్‌టాప్ నిద్రలోకి వెళ్తోందేమో చూడండి. కదలిక లేని కనెక్షన్‌ను రౌటర్ మరిచిపోవడం కూడా ఉంది. దానికి 'కీప్ అలైవ్' అనే సెట్టింగ్ ఉంటుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో సాధారణంగా 25 సెకన్లు పెడతారు.

చిన్న మెసేజ్‌లు వెళ్లి, పెద్ద ఫైళ్లు ఆగిపోతుంటే 'ఎంటీయూ' గురించి ఆఫీసు సాంకేతిక సిబ్బందిని అడగండి. అది ఒక్కో పొట్లం సైజు. మామూలుగా 1500 బైట్లు. సొరంగం పైతొడుగు కూడా కలిస్తే దారిలో పట్టదు. కొంచెం తగ్గించాలి.

ఇంటి రౌటర్, ఆఫీసు నెట్‌వర్క్ రెండూ '192.168.1' అంకెలే వాడుతుంటే, ఒకే వీధిలో ఒకే నంబరుతో రెండిళ్లు ఉన్నట్టే. ఇంటి రౌటర్‌లో మూడో అంకె మార్చుకోవాలి.

ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా ఒకసారి పనిచేసి చూడండి. దానితో సాఫీగా సాగితే లోపం ఇంటి రౌటర్ దగ్గరో, లైనులోనో ఉన్నట్టు. వైఫై బదులు కేబుల్ పెట్టినా తేడా తెలుస్తుంది. కరెంటు పోయేచోట రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే సగం చికాకు తగ్గుతుంది.

రాసి పెట్టుకోండి

తెగిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో టైము, పరీక్ష ఫలితం రాయండి. '10.40కి ఆగింది, అంకె పలికింది, పేరు పలకలేదు' అని చెబితే చాలు, ఆఫీసువాళ్లకు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వారం రోజుల రాత చేతిలో ఉంటే 'పని ఎందుకు ఆలస్యమైంది' అన్న ప్రశ్నకూ అదే జవాబు చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. విసుగొచ్చి ప్రకటనల్లో కనిపించే ఉచిత వీపీఎన్‌లు దించుకోకండి. మీ సమాచారమంతా ఆ నడిపేవాళ్ల చేతుల మీదుగా వెళ్తుంది. 'సరిచేస్తాం' అంటూ తామే ఫోన్ చేసేవాళ్లకు పాస్‌వర్డ్ గానీ, ఓటీపీ గానీ చెప్పకండి. ఆఫీసు నంబరుకు మీరే చేసి మాట్లాడండి.