రెండు డిస్కులు ఉంటే డేటా సేఫేనా? అసలు విషయం ఇదీ!

గ్రహాంతర సిగ్నల్స్ వెతికేందుకు 1999 మే 17న అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ 'సెటీ ఎట్ హోమ్' మొదలుపెట్టింది. లక్షలాది వాలంటీర్ల పీసీలు ఖాళీ టైంలో లెక్కలు చేసిపెట్టేవి. ఒక పీసీ ఆగినా ఇబ్బంది లేదు, ఆ పని ఇంకొకరికి వెళ్తుంది. కానీ ఎవరు ఏం చేశారన్న రికార్డంతా సెంట్రల్ సర్వర్లలోనే! అది పోతే అంతే సంగతులు. అందుకే మంగళవారాల్లో సర్వీస్ ఆపి మరీ డేటాబేస్ బ్యాకప్ తీసేవారు.

మిర్యాలగూడ రైస్ మిల్లు లెక్కలైనా, సూర్యాపేట, కోదాడ స్టూడియోల్లోని పెళ్లి వీడియోలైనా ఇదే సూత్రం. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే 'మిర్రరింగ్' ఒక డిస్క్ పాడైతే కాపాడుతుంది. పొరపాటున డిలీట్ కొడితే మాత్రం రెండింట్లోనూ పోతుంది. వైరస్ వచ్చినా అంతే.

ఏం చేయాలి? మూడు కాపీలు ఉంచండి. రెండు రకాల స్టోరేజ్ వాడండి. ఒక కాపీ వేరే చోట దాచండి. అప్పుడప్పుడు బ్యాకప్ ఓపెన్ అవుతుందో లేదో చూసుకోండి.