అత్తయ్య యూరప్ వీసా

డాలస్‌లో మా ఇంట్లో ఉండేది నలుగురం. మావారిదీ మా అమ్మాయిదీ అమెరికా పాస్‌పోర్టు. నాదీ మా అత్తయ్యదీ భారత పాస్‌పోర్టు, దానికి తోడు గ్రీన్‌కార్డు. ఇటలీ, ఫ్రాన్స్ వెళ్దామని అనుకున్నప్పుడు ఆ తేడా పెద్దదై కూర్చుంది. తండ్రీకూతుళ్లను 90 రోజుల వరకు వీసా అడగరు. అత్తాకోడళ్లకు మాత్రం షెంగెన్ వీసా ఉండి తీరాలి.

"అదేంటమ్మాయ్, వాడు పెట్టిన దరఖాస్తు మీదే కదా నాకు గ్రీన్‌కార్డు వచ్చింది! వాడికి అక్కర్లేని వీసా నాకెందుకు?" అని అడిగారు అత్తయ్య.

న్యాయమైన ప్రశ్న. గ్రీన్‌కార్డు అమెరికాలో స్థిరంగా ఉండే హక్కు ఇస్తుంది. పౌరసత్వం మాత్రం మారదు. మిగతా దేశాల వాళ్లు ముందు చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదని. కార్డుకు విలువనిచ్చే దేశాలూ ఉన్నాయి. కెనడా 2022 ఏప్రిల్ 26 నుంచి గ్రీన్‌కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు రెండూ చూపిస్తే రానిస్తోంది. మెక్సికో కూడా వీసా అడగదు. 29 దేశాల షెంగెన్ కూటమి దగ్గర మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తు పెట్టుకోండి, తేలిగ్గా అయిపోతుందని చుట్టాలు సలహా ఇచ్చారు. అది పనికొచ్చే సలహా కాదు. చట్టబద్ధంగా ఎక్కడ నివాసం ఉంటున్నామో అక్కడి కాన్సులేట్ పరిధిలోనే దరఖాస్తు పెట్టాలన్నది షెంగెన్ నియమం. ఏ దేశానికి పెట్టాలన్నదానికీ లెక్క ఉంది: ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి. రెండు చోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మా విమానం దిగేది పారిస్‌లోనే అయినా రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లలో ఉండే రాత్రులు ఎక్కువ. కాబట్టి ఇటలీకి పెట్టాం. టెక్సస్ వాళ్లకు ఇటలీ కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది, మాకు కారులో నాలుగు గంటల దారి.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టులు చాలావాటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పేరు మొత్తం రెండో గడిలో ఉంటుంది. అత్తయ్యదీ అంతే. అమెరికా వాళ్లు గ్రీన్‌కార్డులో అలాంటి పేరును ఎత్తి ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని రాస్తారు. పేరు తెలియదని దాని అర్థం. ముప్పై ఏళ్లు తెనాలి ప్రాంతంలో జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెప్పిన మనిషికి పేరు తెలియదనడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఇలాంటప్పుడు వీసా ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు నింపాలి. పాస్‌పోర్టులోనూ గ్రీన్‌కార్డులోనూ ఉన్నది ఒకే మనిషని వివరిస్తూ ఒక ఉత్తరం జతచేయడం మేలు. మేం అలాగే చేశాం.

ఇక డబ్బు సంగతి. అత్తయ్యకు జీతం లేదు, ఇండియాలో పింఛను పడుతుంది. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఖర్చంతా తనదేనని మావారి ఉత్తరం, ఆయన జీతం స్లిప్పులు, తల్లీకొడుకులని రుజువుగా ఆయన జనన ధ్రువపత్రం పెట్టాం. అధికారికి కావలసిన భరోసా ఒక్కటే, ఈవిడ తిరిగి అమెరికా వెళ్లిపోతుందని. అందుకే గ్రీన్‌కార్డు గడువు తిరుగు ప్రయాణం తరువాత మూడు నెలలైనా మిగిలి ఉండాలి. పాస్‌పోర్టుకూ అంతే. అది పదేళ్లలోపు ఇచ్చినదై, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కనీసం 30,000 యూరోల ప్రయాణ ఆరోగ్య బీమా తప్పనిసరి. ఇక్కడి మామూలు బీమా ఉంది కదా అని ఊరుకోవద్దు.

ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులూ పట్టవచ్చు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం, కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టాలి. వీసా రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్లు మాత్రం కొనకూడదు.

వేలిముద్రలకు స్వయంగా వెళ్లాలి. అత్తయ్య వేళ్లు ఎండిపోయి గీతలు సరిగ్గా పడలేదు. కౌంటరు దగ్గరి అమ్మాయి తడి టిష్యూ ఇచ్చి, ఒక్కో వేలూ తుడిపించి, నిదానంగా మళ్లీ నొక్కించింది. విసుక్కోలేదు. పెద్దవాళ్లతో అలా ఓపికగా మెలిగే మనిషి ఒక్కరున్నా ఆ పని భారం సగం తగ్గుతుంది.

వీసా స్టిక్కర్ చేతికి రాగానే మూడు గళ్లు చదవండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు లోపలికి రావచ్చు. తేదీల మధ్య నెల రోజులున్నా రోజుల గడిలో 15 అని ఉంటే ఉండనిచ్చేది 15 రోజులే. ఒక్కసారే అని ఉంటే మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ పారిస్ రావడం కుదరదు. పైగా లండన్‌కు బ్రిటన్ వీసా వేరే కావాలి. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, అప్పీలు చేసుకునే హక్కూ ఉంది.

ఇన్ని కాగితాలా అని అమ్మానాన్నల్ని ఇంట్లో వదిలేసి వెళ్లేవాళ్లను చూశాను. అలా చేయకండి. ఈ ఆదివారమే వాళ్ల పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు పక్కపక్కన పెట్టి పేర్లూ గడువు తేదీలూ సరిచూడండి. గడువు దగ్గరపడి ఉంటే ముందు రెన్యువల్ చేయించండి, వీసా సంగతి తరువాత.