డీటీఏఏ: పింఛను ఇక్కడ, నివాసం అక్కడ

ఒకే ఆదాయంపై రెండు దేశాలూ పన్ను వేయకుండా కుదుర్చుకునే ఒడంబడికే డీటీఏఏ. తెలుగులో ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం. అమెరికాతో మన ఒప్పందంపై 1989లో సంతకాలయ్యాయి, 1990 డిసెంబరులో అమల్లోకి వచ్చింది.

ముత్తుకూరులో రిటైరైన ఓ ప్రభుత్వ టీచరు డాలస్‌లో కూతురి దగ్గర స్థిరపడ్డారనుకుందాం. ఆయన పింఛనుపై పన్ను ఎవరికి? ప్రభుత్వ పింఛనుపై సాధారణంగా దాన్ని చెల్లించే దేశానిదే హక్కు అంటుంది 19వ అధికరణం. ప్రైవేటు కంపెనీ పింఛనైతే, 20వ అధికరణం ప్రకారం, మనిషి నివసించే దేశానిది. గ్రీన్‌కార్డు చేతికొస్తే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్నులో చూపాల్సిందే. ఇక్కడ నిబంధనల ప్రకారం కట్టిన పన్నును అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు.

వీసా వేరు, పన్ను వేరు. చాలామంది తడబడేది ఇక్కడే. అమెరికా సందర్శక వీసాపై విడతకు సాధారణంగా ఆరు నెలల వరకే ఉండనిస్తారు, కెనడా సూపర్ వీసాపై ఐదేళ్ల వరకు. మన ఆదాయపు పన్ను చట్టం చూసేది రోజుల లెక్క: ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉన్నవారు ఇక్కడి నివాసులే.

ఒప్పందం దానంతటదే వర్తించదు. విదేశంలో నివాసినని చెప్పి ఇక్కడ మినహాయింపు కోరేవారు ఆ దేశపు పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. పెద్దలను పంపే పిల్లలు ప్రయాణ తేదీలు, పన్ను రశీదులు భద్రంగా ఉంచండి.