చలికాలములో ఫ్లూ జ్వరము: కారణములు, నివారణ

మార్గశిర, పుష్య మాసములు రైతుకు తీరికలేని కాలము. ఒకప్రక్క సార్వా వరి నూర్పిళ్ళు, మరొకప్రక్క దాళ్వా నారుమళ్ళు, ఆపైన మిరప కోతలు, ప్రత్తి తీతలు. సరిగా ఈ రోజులలోనే ఇంటిలో ఒకరు జ్వరముతో పడకవేయుట, రెండు మూడు రోజులలో ఇంటిల్లిపాది మూలుగుట ప్రతి గ్రామములోను చూచుచున్నదే. కూలీలు దొరకని అదునులో ఇంటి మనుషులు కూడ వారము రోజులు లేవలేకపోయినచో నారు ముదిరిపోవును, పండిన కాయ చెట్టుననే ఎండిపోవును. నష్టము అంతటితో ఆగదు. ముసలివారికి, పసిబిడ్డలకు, గర్భిణులకు ఈ జ్వరము ప్రాణము మీదికి తేవచ్చును.

పైరుల సంగతి చెప్పవలసినవారు మనుషుల జబ్బును గురించి వ్రాయుటేమని మీకు తోచవచ్చును. తెగులు పైరుకు వచ్చినను, మనిషికి వచ్చినను అది వ్యాపించు తీరులో ఒక పోలిక కలదు. ఆ పోలిక పట్టుకొన్నచో నివారణ సులభముగా బోధపడును.

విత్తనము, నేల, అదును

వరిలో అగ్గితెగులు రావలెనన్న మూడు విషయములు కలిసిరావలెను. తెగులును కలిగించు శిలీంధ్రపు బీజములు గాలిలో ఉండవలెను. వంగడము ఆ తెగులుకు లొంగునదై ఉండవలెను. రాత్రులు చల్లబడి ఆకుల మీద మంచు నిలువవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినను తెగులు పెచ్చుపెరగదు.

ఫ్లూ కూడ అంతే. వైరస్ అను సూక్ష్మక్రిమి విత్తనము. మన శరీరము నేల. చలికాలము అదును. "చలిగాలి తగిలి జ్వరము వచ్చినది" అనుట మనకు వాడుక. కాని చలి ఒక్కటే ఫ్లూను పుట్టించజాలదు. చేనిలో మంచెమీద రాత్రంతయు చలిలో ఒంటరిగా కావలియున్నవానికి వైరస్ సోకనిచో ఫ్లూ రాదు. వెచ్చని గదిలో తలుపులు మూసుకొని, దగ్గుచున్న రోగి ప్రక్కన కూర్చున్నవానికి మాత్రము రావచ్చును.

మనుషులకు ఫ్లూ కలిగించు వైరస్‌ను 1933లో లండనులోని శాస్త్రజ్ఞులు మొదట వేరుచేసిరి. ఈ వైరస్ తన పైతొడుగును కొద్దికొద్దిగా మార్చుకొనుచుండును. అందువలన ఒకసారి వచ్చినవారికి మరల రాదను ధీమా లేదు. అప్పుడప్పుడు బొత్తిగా కొత్త తెగ పుట్టి దేశదేశములు చుట్టివచ్చును. 1918లో వచ్చిన ఫ్లూకు మన దేశములో కోటిమందికి పైగా బలియైరి. 1957 మే నెలలో మరొక తెగ ఓడలమీద మద్రాసు రేవుకు చేరి దేశమంతయు ప్రాకినది. 2009లో ప్రపంచమున వ్యాపించిన "స్వైన్ ఫ్లూ" మన దేశములో మొదట కనబడినది హైదరాబాదులోనే. ఆ తెగ నేడు ఏటేటా వచ్చు మామూలు ఫ్లూలలో ఒకటై నిలిచినది.

చలికాలము దానికేల అనుకూలము?

మొదటి కారణము పొడిగాలి. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, బిగ్గరగా మాటలాడినపుడు వైరస్ గల సన్నని తుంపరలు బయటపడును. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచో తుంపరలు బరువుగా ఉండి త్వరగా నేలకు దిగును. గాలి పొడిగా ఉన్నచో వాటిలోని నీరు ఆవిరియై తేలికపడి ఎక్కువసేపు గాలిలో తేలుచుండును. అగ్గితెగులుకు తడి కావలెను, ఫ్లూ తుంపరకు పొడి కావలెను. ఇక్కడ మాత్రము రెండింటికి పోలిక లేదు. 2007లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు గినీపందులపై చేసిన ప్రయోగములలో 5 డిగ్రీల చలిలోను, పొడిగాలిలోను ఫ్లూ ఒకదానినుండి మరొకదానికి సులభముగా సోకినది. 30 డిగ్రీల వేడిలో గాలిద్వారా సోకలేదు.

రెండవ కారణము వైరస్ పైతొడుగు. అది క్రొవ్వు పదార్థముతో కూడినది. చలికి నెయ్యి పేరుకొనునట్లు ఈ తొడుగు చల్లదనమునకు గట్టిపడి లోపలి వైరస్‌ను కాపాడును. మన శరీరపు వెచ్చదనము తగిలినపుడు మెత్తబడి, వైరస్ కణములలో ప్రవేశించుటకు వీలగును.

మూడవది మన ముక్కు, గొంతు. వీటి లోపలి పొరమీద జిగురు పదార్థము, సన్నని నూగువంటి వెంట్రుకలు ఉండి దుమ్మును, క్రిములను పట్టి బయటకు నెట్టుచుండును. చల్లని పొడిగాలికి ఆ జిగురు ఎండి, ఆ కదలిక మందగించును. గట్టు తెగిన మడిలోనికి నీరు జొరబడినట్లు వైరస్ లోనికి పోవును. కట్టెపొయ్యి పొగ, బీడీ పొగ ఈ గట్టును మరింత బలహీనపరచును.

నాలుగవది మన అలవాట్లు. చలికి తలుపులు, కిటికీలు మూసి అందరము ఒకే గదిలో పడుకొందుము. సంక్రాంతికి క్రిక్కిరిసిన బస్సులలో, రైళ్ళలో ప్రయాణము చేయుదుము. మిరప కోతలకు దూరప్రాంతములనుండి వచ్చిన కూలీలు చేల వద్ద చిన్న గుడారములలో పదిమంది కలిసి నిద్రింతురు.

మన ప్రాంతములో వర్షాకాలమున కూడ ఫ్లూ వచ్చుచున్నది గదా, అప్పుడు గాలి పొడిగా ఉండదు గదా యని మీరడుగవచ్చును. అది నిజము. మన దేశములో వానలనాడు ఒకసారి, జనవరి మొదలు మార్చివరకు మరొకసారి ఇది హెచ్చుట సాధారణము. వానలలో కూడ జనము ఇండ్లలో, బడులలో గుమికూడి ఉందురు. కావున చలిని మనము ఆపలేకపోయినను, మూసిన గదిలో గుంపుగా ఉండుటను తగ్గించుకొనగలము. నివారణకు పట్టు దొరకునది ఇక్కడనే.

జలుబునకు, ఫ్లూకు భేదము

జలుబు మెల్లగా వచ్చును. ముక్కు కారుట, తుమ్ములు ఎక్కువ. ఫ్లూ హఠాత్తుగా పట్టుకొనును. తీవ్రమైన జ్వరము, ఒళ్ళునొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు, లేవలేని నీరసము దాని గుర్తులు. వైరస్ సోకిన 1 నుండి 4 రోజులలో ఇవి బయటపడును. గుర్తులు కనబడుటకు ఒకరోజు ముందునుండి, ఆ తరువాత 5 లేక 7 రోజులవరకు రోగి ఇతరులకు అంటించగలడు. పిల్లలు ఇంకను ఎక్కువ రోజులు అంటింతురు.

నివారణ పద్ధతులు

1. టీకా: విత్తనశుద్ధి వంటిది ఇది. వైరస్ మారుచుండుటచేత ఏటేటా వేయించుకొనవలెను. టీకా పనిచేయుటకు సుమారు రెండు వారములు పట్టును, గనుక జబ్బు వ్యాపించకముందే వేయించుకొనుట మేలు. ముఖ్యముగా గర్భిణులు, వృద్ధులు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు వైద్యుని సంప్రదించవలెను. ఆరు నెలలలోపు శిశువులకు ఈ టీకా వేయరు. అందుచే వారి చుట్టునున్న పెద్దలు వేయించుకొనుటే వారికి రక్ష.

2. గాలి: చలియైనను ఎదురెదురు కిటికీలు కొంచెము తెరచి ఉంచవలెను. పగలు తలుపులు పూర్తిగా తీసి ఎండ రానీయవలెను. కూలీల గుడారములు విడివిడిగా, గాలి ఆడునట్లు వేయించవలెను.

3. దగ్గు, తుమ్ము: అరచేయి అడ్డు పెట్టరాదు. మోచేతి మడతనుగాని, కండువానుగాని అడ్డు పెట్టవలెను. రోగి, అతనికి సేవచేయువారు మాస్కు కట్టుకొనవలెను.

4. చేతులు: తలుపు గడియలు, ఫోనులు, పంపు మీటల వంటి గట్టి వస్తువులపై వైరస్ ఒకటి రెండు రోజులు బ్రతుకగలదు. సబ్బుతో 20 సెకనుల సేపు చేతులు కడుగుకొననిదే ముక్కు, కళ్ళు, నోరు తాకరాదు. చేనిలో అందరికి ఒకే చెంబు, ఒకే తువ్వాలు పనికిరావు. ఒక బీడీని ఇద్దరు కాల్చుట మరింత ప్రమాదము.

5. విశ్రాంతి: జ్వరముమందు వేసుకొనకుండ జ్వరము తగ్గి ఒకరోజు గడచువరకు పనిలోనికి, బడికి, పెండ్లికి పోరాదు. కూలిడబ్బు పోవునని జ్వరమును దాచి వచ్చువారు ఉందురు. అట్టివారికి ఆ రెండు రోజులు కొంత సాయము చేసి ఇంటికి పంపుట రైతుకు లాభమే. ఒక్కని కూలి మిగిల్చుకొనబోయిన ముఠా అంతయు పడకవేయవచ్చును.

జబ్బు వచ్చిన తరువాత

విశ్రాంతి, గంజి, మజ్జిగ, కాచిన నీరు, జ్వరమునకు పారాసిటమాల్ చాలమందికి సరిపోవును. యాంటిబయాటిక్ మందులు వైరస్‌పై పనిచేయవు, గనుక దుకాణములో అడిగి కొనరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. ప్రమాదము ఎక్కువగలవారికి ఒసెల్టమివిర్ అను మందును వైద్యుని సలహాతో మొదటి 48 గంటలలో ప్రారంభించిన గుణము బాగుగా కనబడును. ఆయాసము, ఛాతీనొప్పి, పెదవులు నీలిబడుట, మగత, బిడ్డ పాలు త్రాగకపోవుట, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టుట అపాయసూచనలు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

కోళ్ళు పెంచువారికి

కోళ్ళకు వచ్చు ఫ్లూ వేరు తెగ. అదియు చలికాలమునే ఎక్కువ. చల్లని నీటిలో, రెట్టలో ఆ వైరస్ చాలకాలము నిలుచును. వలసపక్షులు, ముఖ్యముగా అడవిబాతులు, దానిని మోసుకొని రాగలవు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను ఇది వచ్చి కోళ్ళ రైతులను నష్టపరచినది. ఇది మనిషికి సోకుట అరుదేగాని, సోకినచో ప్రాణాంతకము కావచ్చును. కోళ్ళు మూకుమ్మడిగా చచ్చినచో చేతితో ముట్టక, కాలువలో పారవేయక, పశువైద్యునికి తెలుపవలెను. మాంసము, గ్రుడ్లు పూర్తిగా ఉడికినచో భయము లేదు. పచ్చిమాంసము ముక్కలను పిల్లల నోటికి అందనీయరాదు.

పైరుకు తెగులు తగిలిన తరువాత మందు చల్లుటకంటె ముందు జాగ్రత్త చవుక అని మీకు తెలియును. కార్తీకము దాటకముందే ఇంటిలోని వృద్ధులను, గర్భిణులను టీకా విషయమై ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునికి చూపుడు. పడకగది కిటికీలు తెరచుకొనుచున్నవో లేదో చూచుకొనుడు. చేనివద్ద ఒక సబ్బుబిళ్ళ, నిండుకుండ నీరు ఏర్పాటుచేయుడు. దీనికి అగు ఖర్చు ఒక్క కూలిదినము కంటె మించదు.