తిరుగు టపా

బళ్ళారిలో తపాలా జవానుకు మన ఇండ్లు తెలుసు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి పోయి, మన ఊరు మైసూరు రాష్ట్రంలో చేరింది. 1972లో పిన్‌కోడు వచ్చింది. 2014 నవంబరు 1న ఇంగ్లీషులోని ‘బెల్లారి’ పోయి ‘బళ్ళారి’ అయింది. ఇన్ని మారినా, పాత పేరు వ్రాసిన ఉత్తరం కూడా ఇల్లు చేరుతూనే ఉన్నది. ఈ-మెయిల్ సైతం ఇట్లే మంచితనం మీద నడుస్తుందని మేము భ్రమపడి ఉంటిమి.

మేము గుమాస్తాగా ఉన్నది జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక చిన్న కార్ఖానాలో. ఖర్చు తగ్గుతుందని యజమాని గారు పోయిన ఏడాది మెయిల్ సర్వరును పాత కంపెనీ నుండి క్రొత్తచోటికి మార్పించారు. ఆ వారమే పైఊరి వర్తకులొకరికి ధరల పత్రం పంపవలసి వచ్చింది. గడువు సాయంత్రం అయిదు గంటలు. మధ్యాహ్నమే పంపి, నిశ్చింతగా టీ త్రాగబోయినాము. మరునాడు ఫోను వచ్చింది: పత్రం అందలేదు, ఆర్డరు వేరొకరికి ఇచ్చేశారట.

“ఏమప్పా, పంపితివా లేదా?” అన్నారు యజమాని గారు.

“పంపితిమి గదా సార్” అని పెట్టె తెరిచి చూపబోతే, మేము పంపిన నాలుగు నిమిషాలకే వచ్చిన ఇంగ్లీషు జాబు ఒకటి అందులో పడి ఉన్నది. 550 అనే అంకె, దాని ప్రక్కన కారణం రెండు ముక్కల్లో. ఏదో ప్రకటన అనుకొని ముందురోజు దాన్ని తెరవనే లేదు. మా మెట్రిక్యులేషను ఇంగ్లీషు ఆ పూట అక్కరకు రాలేదు. చదివి ఉంటే, అయిదు గంటల లోపల ఫోనులోనైనా ధరలు చెప్పి ఉందుము.

సర్వర్లు చూచే కుర్రవాడు వచ్చి కన్నడంలో విడమరచి చెప్పినాడు. ఉత్తరం తెచ్చే సర్వరు ముందు తన పేరు చెప్పుకోవాలి. అందుకొనే సర్వరు ఆ మాట ఊరికే నమ్మదు. వచ్చినవాని ఐపీ నంబరు పట్టుకొని, డి.ఎన్.ఎస్. అనే పేర్ల చిట్టాలో అది ఎవరి పేర ఉన్నదో వెదకుతుంది. ఆ పేరుకు మళ్ళీ అదే నంబరు వస్తున్నదా అని చూస్తుంది. ఆపైన ఎస్.పి.ఎఫ్. అనే పంక్తి ఒకటి. మా పేర ఉత్తరాలు తెచ్చే హక్కు ఫలానా నంబర్లకే అని పంపేవారు తామే చిట్టాలో వ్రాయించుకొనే హామీ అది. మా పంక్తిలో పాత కంపెనీ నంబరే ఉన్నది. పైగా, ఇతరులు తెస్తే త్రోసిపుచ్చండని చివర మేమే వ్రాయించి ఉంటిమి! క్రొత్త నంబరుకా, పేరే లేదు. ఆ పేరు పెట్టడం మన చేతిలోనిది కాదు, నంబరు ఇచ్చిన కంపెనీ చేయాలి. వారిని అడగాలని ఎవరికీ తోచలేదు.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈ టపా పద్ధతిని వ్రాసిననాడు ఇన్ని సోదాలు లేవు. ఎవరి పేరైనా చెప్పుకొని ఉత్తరం పడవేయవచ్చును. దొంగ బ్యాంకు జాబులు అట్లే బలిసినవి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పట్టు బిగించినవి. జీమెయిలుకు రోజుకు 5,000 పైన పంపేవారికి ఎస్.పి.ఎఫ్.తోపాటు డికిమ్ అనే ముద్ర, డీమార్క్ అనే మరో పంక్తి కూడా ఉండాలి. మనబోటి చిన్నవారికి సైతం మొదటి రెండింటిలో ఒకటీ, నంబరుకు పేరూ తప్పవు.

యజమాని గారికి ఆ వర్తకుల సర్వరు మీద కోపం. మాకు లేదు. అది తీసుకోనన్నమాట గుమ్మంలోనే అన్నది, ఎందుకో కూడా చెప్పింది. ఉత్తరం పుచ్చుకొని, పంపినవానికి మాటైనా చెప్పక చెత్తబుట్టలో వేసే సర్వర్లున్నవి. మా భయమంతా వాటితోనే.

పంక్తి సవరించడానికి కుర్రవానికి పది నిమిషాలు పట్టింది. నంబరుకు పేరు పెట్టించడానికి రెండు రోజులు. ఆర్డరు పోయింది పోయినట్లే. కుట్టుపని చేసే ఆడవారు ఎనిమిదిమందికి పదిరోజులు పనిలేదు. వారిలో ఒకామె బిడ్డ ఫీజుకని మా వద్ద చేబదులు అడిగిననాడు మేము తలెత్తలేకపోతిమి.

ఇప్పుడు యజమాని గారు ప్రొద్దున కార్ఖానాలో అడుగు పెట్టగానే, నమస్కారం కూడా అందుకోకుండా, “తిరుగు టపా ఏమన్నా వచ్చిందేమప్పా?” అంటారు.