ఆర్లాండో మారిందా? లోకం మారిందా?

"మగాడిగా పుట్టినా బాగుండేది!"

మనలో ఈ మాట అనుకోని వాళ్లున్నారా? చదువుకోవాలన్నా, ఊరు దాటాలన్నా, రాత్రిపూట బయటికి పోవాలన్నా ఈ మాటే మనసులో మెదులుతుంది.

ఈ మాటకు జవాబులాంటి నవల ఒకటి చదివాను. పేరు 'ఆర్లాండో'. 1928లో ఇంగ్లండులో అచ్చయింది. రాసినామె వర్జీనియా వుల్ఫ్. ఆమె అన్నదమ్ములు కేంబ్రిడ్జిలో పెద్ద చదువులు చదివారు. ఆమెను మాత్రం అక్కడికి పంపలేదు. ఇంట్లో తండ్రి పుస్తకాలు చదువుకుంటూనే ఆమె రచయిత్రి అయింది.

కథ చెబుతాను వినండి.

ఆర్లాండో గొప్పింటి కుర్రాడు. 365 పడక గదుల ఇల్లు. కవిత్వం రాసేవాడు. రాజుగారి రాయబారిగా టర్కీ వెళ్లాడు. అక్కడ ఒకసారి ఏడు రోజులు లేవకుండా నిద్రపోయాడు. లేచి చూసుకుంటే ఆడమనిషి!

ఇది జరిగే పనేనా? కాదు. మన కథల్లో రాకుమారుడు చిలకగా మారడూ? ఇదీ అంతే. కానీ కథలోపల నిజం ఉంది.

ఆర్లాండోకు తెలివి తగ్గలేదు. జ్ఞాపకాలు పోలేదు. కవిత్వం మీద ప్రేమ పోలేదు. మనిషి అదే మనిషి. మరి ఏం మారింది?

ఓడెక్కి ఇంగ్లండుకు బయలుదేరింది. ఒంటి మీద బరువైన గౌను. నీళ్లలో పడితే ఈదలేదు. ఎవరో ఒకరు దూకి కాపాడాలి. గౌను కాస్త జరిగి కాలు కనబడింది. పైన స్తంభం మీదున్న ఓడ పనివాడు అది చూసి కిందపడబోయాడు. చూసింది వాడు. కాళ్లు కప్పుకోవలసింది మాత్రం ఆమె! అప్పుడామెకు ఒకటి గుర్తొచ్చింది. ఆడవాళ్లు అణకువగా ఉండాలని, ముస్తాబై ఉండాలని మగాడిగా ఉన్నప్పుడు తనే అనేవాడు. ఆ ముస్తాబుకు ఎంత పొద్దు పోతుందో ఇప్పుడు తెలిసొచ్చింది.

ఇల్లు చేరింది. కుక్క గుర్తు పట్టింది. పనివాళ్లు గుర్తు పట్టారు. కోర్టు మాత్రం గుర్తు పట్టలేదు. ఆమె మీద దావాలు పడ్డాయి. ఆర్లాండో చచ్చిపోయాడు, కాబట్టి ఆస్తి లేదని ఒక దావా. ఆర్లాండో ఆడది, కాబట్టి ఆస్తి లేదని ఇంకో దావా. చచ్చినా, ఆడదైనా ఒకటేనట! ఇది చదివి నవ్వాను. ఆ వెంటనే కళ్లు తడిశాయి. తీర్పు రావడానికి నూరేళ్లు దాటింది.

ఇలాంటిది నిజంగానే జరిగింది. వర్జీనియాకు వీటా అనే స్నేహితురాలు ఉండేది. వీటా తండ్రి 1928లో పోయాడు. ఆయనకు ఆమె ఒక్కతే బిడ్డ. అయినా ఆమె పుట్టి పెరిగిన ఇల్లు బాబాయికి పోయింది. కారణం, ఆమె ఆడపిల్ల. ఆ వీటానే మనసులో పెట్టుకుని వర్జీనియా ఈ నవల రాసింది.

మరి మన దగ్గర? 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం వచ్చింది. హిందూ ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా అంది. అయితే చట్టం అమలు కాకముందే పెళ్లయిన వాళ్లకు అది దక్కలేదు. 2005లో దేశమంతటికీ చట్టం మార్చారు. పెళ్లయినా, కాకున్నా కూతురికి వాటా ఉంది.

అక్కలారా, పుస్తకం మూశాక నాకు ఒకటి తోచింది. మన పుట్టుకలో లోపం లేదు. అడ్డుగోడలు మనుషులు కట్టినవి. మనుషులే వాటిని కూల్చగలరు.

మాట్లాడుకుందాం:

1. మీ పుట్టింట్లో ఆస్తి పంచినప్పుడు కూతుళ్లను పిలిచారా? అడిగారా?

2. రేపు పొద్దున మీరు మగవారిగా నిద్ర లేస్తే మొదట ఏం చేస్తారు? ఆ పని ఆడవారిగా ఎందుకు చేయలేకపోతున్నారు?