ఖాళీ అనుకున్న సోడా గ్యాసు సిలిండరు
వాల్వు విప్పబోతే ప్రాణాల మీదికి

వేసవి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో సోడాబండికి తీరిక ఉండదు. బస్టాండు సెంటరులో, సినిమా హాలు ఎదుట, అమ్మవారి తీర్థంలో గోలీసోడా సీసాలు చకచకా ఖాళీ అవుతుంటాయి. రామచంద్రపురంలో ఆర్టోసు సంస్థ పుట్టింది 1919లో. అంటే ఈ ప్రాంతంలో గ్యాసు పానీయాల వ్యాపారానికి నూరేళ్ళు దాటాయి. తాగేవారి చూపంతా సీసా మీద, దాని మెడలోని గోలీ మీద ఉంటుంది. మిషను వెనుక గోడకు ఆనించిన నిలువెత్తు ఉక్కు సిలిండరును పట్టించుకొనేవారు తక్కువ. దాని తలమీది ఇత్తడి వాల్వు సంగతి అసలే పట్టదు. అది కారడం మొదలుపెట్టినప్పుడు మాత్రం యజమానికి నిద్రపట్టదు.

సాయంత్రం తెచ్చిన నిండు సిలిండరు మర్నాటికి సగమైతే నష్టం చిన్నది కాదు. గ్యాసు నింపే కేంద్రానికి మళ్ళీ మోసుకుపోవాలంటే ఆటో కిరాయి, ఒకరోజు బేరం పోతాయి. అందువల్ల చేతికి అందిన పైపు రెంచితో తామే బిగించబోవడం, అదీ కుదరకపోతే ఎదుటి షెడ్డులోని మెకానిక్కును పిలిచి పాత వాల్వు తీయించి వేరొకటి పెట్టించబోవడం జరుగుతుంటుంది. నీళ్ళ కుళాయి మార్చినట్లే ఇదీననుకోవడమే ప్రమాదానికి మూలం.

కారేది ఎక్కడ?

వాల్వు కారడం అన్నిసార్లూ ఒకటే కాదు. పిడి తెరిచినప్పుడు మాత్రమే స్పిండిలు పక్కనుంచి బుసమంటే లోపలి వాషరు అరిగిందన్నమాట. పిడి గట్టిగా మూసినా మూతినుంచి వస్తుంటే వాల్వు సీటు పాడైంది. పక్కనున్న చిన్న భద్రతా బిళ్ళ నుంచి వస్తే సిలిండరులో మితిమీరి నింపి ఉండవచ్చు, లేదా ఎండలో కాగి ఉండవచ్చు. వీటన్నిటికంటే భయపడవలసినది నాలుగోది. వాల్వు అడుగుభాగం సిలిండరు మెడలో కలిసే చోట సబ్బునీళ్ళు రాస్తే బుడగలు రావడం. మర వదులైందనీ, మెడ పగులు తీసిందనీ దాని అర్థం కావచ్చు. అప్పుడు రెంచి పట్టడం ఎంతమాత్రం తగదు.

సిలిండరులో ఉండేది బొగ్గుపులుసు గ్యాసు. ఎరువుల కర్మాగారాల్లో అమ్మోనియా తయారీలోను, డిస్టిలరీల్లో పులియబెట్టేటప్పుడు ఉపఉత్పత్తిగాను వచ్చే గ్యాసునే శుద్ధిచేసి ద్రవంగా మార్చి నింపుతారు. 30 డిగ్రీల వేడిలో ఈ సిలిండరులోని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 73 కిలోల వరకు ఉంటుంది. లారీ టైరులో ఉండేదానికి సుమారు తొమ్మిది రెట్లు. అంగుళం వెడల్పున్న మెడలో బిగించిన వాల్వును లోపలినుంచి ఆ ఒత్తిడి మూడున్నర క్వింటాళ్ళ బరువుతో పైకి తోస్తుంటుంది. దానిని ఆపి ఉంచేవి మర చుట్లే. అవి వదిలాయంటే వాల్వు ఒకవైపు, సిలిండరు మరొకవైపు దూసుకుపోతాయి. రేకుల షెడ్డు గోడ దానికి అడ్డం కాదు.

ఇక ఈ గ్యాసుకు మరో గుణం ఉంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమూ, గ్యాసూ అనే తేడా పోతుంది. అక్కడినుంచి ఒత్తిడి ఎంతకు పెరుగుతుందన్నది ఎంత నింపారన్న దానిమీద ఆధారపడుతుంది. అందుకే సిలిండరులో పట్టే నీటి బరువులో సుమారు మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. మన ఊళ్ళలో మే నెల ఎండ 45 డిగ్రీలకు తక్కువ కాని రోజులుంటాయి. బండి మీద నీడలేకుండా నిలబెట్టిన సిలిండరు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ముల్లు సున్నా మీద ఉన్నా

సొంతంగా వాల్వు విప్పబోయేవారు అందరూ చెప్పే సమాధానం ఒకటే: గ్యాసంతా వదిలేశాం కదా అని. చిక్కంతా ఇక్కడే. వాల్వు పూర్తిగా తెరిచి ఒక్కసారిగా వదిలితే లోపలి ద్రవం విపరీతంగా చల్లబడి, కొంత భాగం డ్రై ఐసు అనే తెల్లని గడ్డగా మారుతుంది. దాని చలి సున్నాకు 78 డిగ్రీలు కింద. బుసబుస ఆగిపోతుంది. రెగ్యులేటరు ముల్లు సున్నా దగ్గర పడుతుంది. పైన మంచు పేరుకుంటుంది. చూసినవాడు ఖాళీ అయిందనుకుని పిడి మూసి కాఫీకి పోతాడు. తిరిగి వచ్చేసరికి లోపలి గడ్డ కరిగి గ్యాసుగా మారి మళ్ళీ ఒత్తిడి కట్టి ఉంటుంది. గడ్డ వాల్వు రంధ్రానికి అడ్డంపడితే పిడి తెరిచే ఉన్నా చుక్క గ్యాసు బయటకు రాదు. అది ఖాళీ కాదు, మూసుకుపోయిన సిలిండరు.

ముల్లును నమ్మకూడదనడానికి మరో కారణం కూడా ఉంది. లోపల ద్రవం గ్లాసెడు మిగిలినా, సిలిండరంతా నిండుగా ఉన్నా ఒకే వేడిలో ముల్లు చూపేది ఒకటే. ఈ గ్యాసుకు కొలత కాటానే. సిలిండరు భుజం మీద చెక్కిన ఖాళీ బరువుతో పోల్చి చూస్తే తప్ప ఎంత మిగిలిందీ తెలియదు.

ఈ గ్యాసుతోనే నడిచే ఆట ఒకటి అమెరికాలో బహుళ ప్రచారంలో ఉంది. రంగు నింపిన గోళీలను తుపాకీతో ఒకరిపై ఒకరు పేల్చుకొనే పెయింట్ బాల్. ఆ తుపాకీకి బిగించే సిలిండరు మన వాటర్ బాటిలంత. దానితో కూడా ప్రాణాలు పోయాయి. ఆట ముగిశాక సిలిండరును తుపాకీనుంచి విప్పబోతే వాల్వు తుపాకీకే అంటుకొని ఉండి, సిలిండరు వాల్వునుంచి విడిపోయి రాకెట్టులా ఎగిరింది. ఇద్దరు మరణించిన మీదట 2004లో ఆ దేశపు వినియోగదారుల భద్రతా కమిషను హెచ్చరిక జారీచేసింది. చిన్న సిలిండర్లలో లీకును ఆపేది రబ్బరు రింగు. కాబట్టి మర కొన్ని చుట్లు తిరిగినా ముందుగా శబ్దం రాదు. అందుకని వాల్వు మీదినుంచి సిలిండరు మీదికి గోళ్ళరంగుతో ఒక గీత గీయడం అక్కడి ఆటగాళ్ళు నేర్చుకున్నారు. గీత విరిగినట్లు కనిపిస్తే వాల్వు కదిలిందన్నమాట. ఇంట్లో సోడా చేసుకొనే చిన్న సిలిండర్లు ఇప్పుడు మన పట్టణాలకూ వచ్చాయి గనుక ఆ ఉపాయం ఇక్కడా పనికివస్తుంది.

మార్చే పద్ధతి

2016 గ్యాసు సిలిండర్ల నిబంధనల ప్రకారం వాల్వు మార్పు, పరీక్ష దుకాణదారు చేయవలసిన పనులు కావు. నాగపూరు ప్రధాన కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదించిన పరీక్షా కేంద్రంలోనే జరగాలి. అక్కడ ముందుగా సిలిండరును తూచి, గాలి ఆడేచోట నింపాదిగా గ్యాసు వదులుతారు. మళ్ళీ తూచి, బరువు చెక్కిన అంకెకు దిగిందని తేలాకే మిగతా పని. దారి మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే అది తీరేవరకు వాల్వు జోలికి పోరు. సిలిండరు కదలకుండా పట్టులో బిగించి, మనిషి వాల్వుకు ఎదురుగా నిలబడకుండా మర విప్పుతారు. లోపల దీపం వేసి తుప్పు, గుంటలు చూస్తారు. నీటి ఒత్తిడితో పరీక్షించి, తడి లేకుండా ఆరబెట్టి కొత్త వాల్వు బిగిస్తారు. తడి మిగిలితే ఈ గ్యాసు దానితో కలిసి ఆమ్లమై ఉక్కును తినేస్తుంది.

పెద్ద సిలిండర్ల మర కిందికి సన్నబడుతూ మేకులా బిగుసుకుంటుంది. తక్కువ బిగిస్తే కారుతుంది, ఎక్కువ బిగిస్తే మెడ పగులుతుంది. అందుకే కేంద్రంలో కొలతగల రెంచి వాడతారు. రెంచికి పొడుగాటి గొట్టం తొడిగి ఇద్దరు కలిసి లాగే షెడ్డు పద్ధతికి ఆ కొలత తెలియదు. పాత ఇనుప సామాను దుకాణంలో దొరికిన వాల్వు అదే గ్యాసుదో కాదో, దాని మర సిలిండరు మరతో కలుస్తుందో లేదో చెప్పడం కూడా కష్టం.

ఈ నీటి పరీక్ష అయిదేళ్ళకొకసారి ఎలాగూ తప్పదు. గడువు దాటిన సిలిండరులో గ్యాసు నింపకూడదు. పరీక్ష తేదీ భుజం మీదే చెక్కి ఉంటుంది. దానిమీద రంగులు పూసి అంకెలు కప్పేసిన సిలిండరును చవకగా ఇస్తామన్నా తీసుకోకపోవడం మంచిది. ఖాళీ బరువు అయిదు శాతానికి మించి తగ్గినది ఇక సిలిండరుగా పనికిరాదు.

దుకాణంలోనే ఉండగా కారడం మొదలైతే పిడి మూయడం, తలుపులు బార్లా తెరవడం, మనుషులను బయటకు పంపడం ముందు చేయవలసిన పనులు. ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. నేలమీద పరుచుకుంటుంది గనుక షెడ్డులో కింద పడుకున్న కుర్రవాడికే ముందుగా ఊపిరాడదు. కారుతున్న చోట ఉత్తచేతులు పెడితే చర్మం కాలినట్లు బొబ్బలెక్కుతుంది. ఆ తరువాత గ్యాసు నింపే కేంద్రానికి కబురు చేయాలి. పరీక్ష గడువు దగ్గరపడిన సిలిండర్లున్నవారు సంక్రాంతి దాటగానే పంపుకుంటే, ఎండలు ముదిరేలోగా అవి తిరిగి వచ్చి మిషను పక్కన నిలబడతాయి.